యూకేజీలో ఆపేది ఎవరి కోసం?

మార్చి దగ్గరపడితే మా కాలనీ తల్లుల నోట ఒకటే మాట వింటాను. "మేడం, మా పాపను మళ్లీ యూకేజీలనే కూసోబెడ్తమంటున్నరు." ఎందుకని అడిగితే రీడింగ్ రాలేదంటారు. వయసెంత అని అడిగితే ఐదేళ్లు. కొందరికి అవీ నిండవు.

నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు సర్కారు బడుల్లో నా ఉద్యోగమంతా ఒకటి, రెండు తరగతుల పిల్లలతోనే గడిచింది. పై తరగతులు తీసుకునే వీలున్నా తీసుకోలేదు. చదవడం రాని పిల్ల చదవడం మొదలుపెట్టే ఆ కొద్ది నెలలంటే నాకు ప్రాణం. రిటైరయ్యాక హైదరాబాద్ శివారులో ఉంటున్నాను. సాయంత్రం వాకిట్లో చాప పరిస్తే చుట్టుపక్కల పిల్లలు వచ్చి కూర్చుంటారు. అందుకే తల్లులు వచ్చి నన్ను అడుగుతారు. వాళ్లకు చెప్పే మాటే ఇక్కడా రాస్తున్నాను. చదవడం రాలేదన్న ఒక్క కారణంతో యూకేజీ బిడ్డను అదే తరగతిలో ఆపకూడదు. చదవడం నేర్పకుండా ఒకటో తరగతిలోకి తోసెయ్యనూ కూడదు. రెండూ పెద్దవాళ్లు పని తప్పించుకునే దారులే. నేర్పడం అనే అసలు పని జూన్‌లో బడి తెరవగానే మొదలవ్వాలి. మార్చిలో తీర్పు చెప్పి ఊరుకుంటే కుదరదు.

కిందటేడు మా వీధిలో బట్టలు కుట్టే ఆమె తన కూతుర్ని వెంటబెట్టుకొచ్చింది. ప్రోగ్రెస్ కార్డులో రీడింగ్ ఎదురుగా 'పూర్' అని రాసి, మళ్లీ యూకేజీ చదివించమన్నారట. పాప మాటకారి. మిషన్ బాబిన్‌కు దారం ఎలా చుట్టాలో, తాడుకు వేలాడే జాకెట్లలో ఏది ఎవరిదో, ఎవరి మెషర్‌మెంటు జాకెట్టు ఇంకా రాలేదో అన్నీ చెప్పింది. తెలుగు పుస్తకం తెరిచి చదవమంటే మొదటి పేజీ గడగడా అప్పజెప్పింది. వేలు మాత్రం వేరే వరుస మీద ఉంది. బొమ్మకు చెయ్యి అడ్డం పెట్టాను. ఆగిపోయింది. 'ప', 'ల', 'క' విడివిడిగా చూపిస్తే గుర్తుపట్టింది. 'పలక' అని రాసి చూపిస్తే "ప... ల... క..." అని రెండు మూడుసార్లు పలికి, నా మొహం చూసి, "బలపం" అంది. 'న'కూ 'స'కూ తేడా తెలియడం లేదు. 'ప'కూ 'వ'కూ అంతే. ఇంగ్లిష్ పుస్తకంలో "సి ఏ టి క్యాట్" అని పాటలా పాడింది. 'బి ఏ టి' రాసి చూపిస్తే అదీ క్యాటే అంది.

పుస్తకం మూసేసి మాటలాట మొదలుపెట్టాను. 'మేక'లో ముందు ఏం వినిపిస్తోందమ్మా? "మేక" అంది. 'మే' తీసేస్తే ఏం మిగులుతుంది? కాసేపు ఆలోచించి, "మేక ఉరికిపోతది" అంది. అసలు సంగతి అక్కడ దొరికింది. మాటను ముక్కలుగా వినడం ఆ పిల్లకు ఎవరూ నేర్పలేదు. 'పలక' అనే మాట చెవిలో మూడు ముక్కలుగా విడిపోతేనే, కాగితం మీది మూడు అక్షరాలు కలిసి ఒక మాట అవుతాయని తెలుస్తుంది. ఆమెకు ఏడాది పొడుగునా అక్షరాలు రాయించారు. నాలుగు గీతల కాపీల్లో, అందులోనూ కర్సివ్‌లో, పేజీలకు పేజీలు రాయించారు. ఆ అక్షరాలు పలికే ధ్వనితో ఆడించిన గంట ఒక్కటీ లేదు.

ఇప్పుడు ఈ పిల్లను ఇంకో ఏడాది అదే గదిలో కూర్చోబెడితే ఏమొస్తుంది? అవే కాపీలు, అవే గీతలు, అదే అప్పజెప్పడం. పోయిన ఏడాది పనిచెయ్యని పద్ధతి ఈ ఏడాది పనిచేస్తుందని నమ్మడానికి ఏ ఆధారమూ లేదు. పైగా పక్కన కూర్చున్న స్నేహితులంతా పై క్లాసుకు వెళ్లిపోయారని ఐదేళ్ల పిల్లకు బాగానే తెలుస్తుంది. వెళ్లనిది తనొక్కతే అనీ తెలుస్తుంది. ఆ తల్లి మళ్లీ ఏడాది ఫీజు, వ్యాను డబ్బులు, పుస్తకాల సెట్టు డబ్బులు కట్టాలి. బడి మాత్రం మార్చుకోవాల్సింది ఏమీ ఉండదు.

ఆ పాపతో మేం చేసింది చాలా చిన్న పని. చప్పట్లు కొడుతూ మాటలు విడగొట్టడం. ఇంట్లో 'ప'తో మొదలయ్యేవి వెతకడం. ల, క, ప, త అనే నాలుగు అక్షరాలు అట్టముక్కల మీద రాసి వాటితోనే కల, తల, లత, పలక పేర్చడం. అవి పట్టుబడ్డాకే దీర్ఘం ఒక్కటి చేర్చాం. తాత, పాప, పాత, పాక వచ్చాయి. తాను పేర్చింది నిజంగా ఒక మాటే అని తెలిసినప్పుడు పిల్లల కళ్లలో వచ్చే వెలుగు చూసినవాళ్లెవరూ వాళ్లను మొద్దులనలేరు. రోజూ చివర్లో ఒక కథ చదివి వినిపించేదాన్ని. సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం వాళ్లు వేసే చిన్న చిన్న బొమ్మల పుస్తకాలు నా దగ్గర ఒక పెట్టెడు ఉన్నాయి. పక్కన ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే మరీ మంచిది, ఒకళ్ల నోటి నుంచి ఇంకొకళ్లు అందుకుంటారు. అంతా కలిపి అరగంటకు మించదు. తల్లి ఏడో తరగతి దాకానే చదివింది. అయినా మిషన్ తొక్కుతూనే "లంగాలో ముందు ఏముందిరా, దారంలో ముందు ఏముందిరా" అని అడగడం ఆమెకు వారంలో పట్టుబడింది. దసరా సెలవులకల్లా పాప గుణింతం తేలికగా ఉన్న మాటలు చదివింది. సంక్రాంతికి ఒత్తులు లేని చిన్న కథ నెమ్మదిగా, వేలు సరిగ్గా మాట కిందే పెట్టి చదివింది. ఈ చదువంతా ఒకటో తరగతిలో ఉంటూనే జరిగింది. బడివాళ్లు మొదట ఒప్పుకోలేదు. "మా బాధ్యత మీదే పై తరగతికి పంపుతున్నాం" అని తల్లి చేత కాగితం రాయించుకున్నాక పంపారు. ఐదేళ్ల పిల్లకు చదవడం నేర్పే బాధ్యతను కుట్టుమిషన్ మీద బతికే తల్లి పేరున రాయించుకోవడం నన్ను చాలా బాధపెట్టింది.

తెలుగు చదవడం అంటే ఏమిటో యూకేజీ సిలబస్ రాసేవాళ్లు ఒకసారి నెమ్మదిగా ఆలోచించాలి. ఇంగ్లిష్‌లో 26 అక్షరాలు. మన వర్ణమాల 56 అని చెప్పుకుంటాం. వాటి మీద తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము, ఎత్వం, ఒత్వం అన్నీ వచ్చి చేరతాయి. ప్రతి హల్లూ పన్నెండు పదమూడు రూపాలు తొడుక్కుంటుంది. ఆ రూపాలూ అన్నిటికీ ఒకేలా ఉండవు. 'మ', 'య'లకు గుడి పెడితే వచ్చే ఆకారం 'క'కు పెట్టినట్టు ఉండదు. 'ప', 'వ'ల కొమ్ము కింది నుంచి బయలుదేరుతుంది. ఇక ఒత్తులు. త, న, మ, య, ర, ల ఒత్తులకు అసలు అక్షరంతో పోలికే కనిపించదు. పిల్లకు మనం మొట్టమొదట చూపించే మాట 'అమ్మ'. అందులోనే మ-ఒత్తు ఉంది. ఆ వయసు బిడ్డ దాన్ని చదవలేదు, ఆకారాన్ని గుర్తుపెట్టుకుంటుంది. ప్రేమతో మొదటి మాటగా 'అమ్మ'ను చూపించండి, కాదనను. చదివించే మొదటి మాట మాత్రం 'తల'లాంటిది కావాలి.

కన్నడ లిపి మన లిపికి బాగా దగ్గరిది. కన్నడ పిల్లలు అక్షరాలను ఏ వేగంతో నేర్చుకుంటారో సోనాలీ నాగ్ అనే పరిశోధకురాలు దగ్గరుండి పరిశీలించి 2007లో ప్రచురించారు. అక్షరాల మీద పట్టు ఒకటో తరగతితో పూర్తికాదు, మూడు నాలుగు తరగతుల దాకా సాగుతుందని ఆమె చూపించారు. ఇంగ్లిష్ పిల్లలతో పోల్చి మన పిల్లలు వెనకబడ్డారనుకోవడానికి లేదు. ఎక్కువ రూపాలు నేర్చుకోవాలి గనక ఎక్కువ కాలం పడుతుంది. ఒకటి, రెండు తరగతులు చెప్పిన ఏ టీచరైనా ఈ మాటకు తల ఊపుతుంది. నాలుగేళ్ల పనిని యూకేజీ చివరికల్లా అయిపోవాలని గీత గీసి, అందుకోని పిల్లలను ఆపడం ఏం న్యాయం? అదీ చాలదని ఇంగ్లిష్ మీడియం బడుల్లో రెండు లిపులు, కొన్నిచోట్ల హిందీతో కలిపి మూడు ఒకే ఏడాది ఆ చిన్న చేతుల్లో పెడుతున్నాం.

వయసు గురించి కూడా చెప్పాలి. మన ఊళ్లలో రెండున్నరేళ్లకే నర్సరీలో వేసేస్తున్నారు. ఒకే యూకేజీ గదిలో జూన్‌లో పుట్టిన పిల్ల, మరుసటి మే నెలలో పుట్టిన పిల్ల పక్కపక్కనే ఉంటారు. ఇద్దరి మధ్య దాదాపు ఏడాది తేడా. ఐదేళ్ల వయసులో ఏడాదంటే బతికినదాంట్లో ఐదో వంతు. 'స్లో' అని నా దగ్గరకు పంపిన పిల్లల పుట్టినరోజులు అడిగి చూశాను. చాలామంది తరగతిలో అందరికన్నా చిన్నవాళ్లు. ఆ మాట బడికి గుర్తుండదు, తల్లికీ ఆ క్షణంలో తట్టదు.

2020 నాటి జాతీయ విద్యా విధానం ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలంటోంది. మన దగ్గర ఐదు నిండగానే వెయ్యడం అలవాటు. ఆరేళ్ల నియమం దగ్గరపడ్డప్పుడు కర్ణాటకలో యూకేజీ అయిపోయిన పిల్లలు వయసు చాలక నిలిచిపోయే పరిస్థితి వచ్చింది. తల్లిదండ్రులు గోలపెడితే 2025 ఏప్రిల్‌లో ఆ ఒక్క ఏడాదికి ఐదేళ్ల ఐదు నెలలకు సడలించారు. నా మటుకు నేను ఆరేళ్లకే మొగ్గుతాను. అందరు పిల్లలకూ ఒక ఏడాది ఆటపాటల చదువు కలిస్తే అది ఎవరినీ వెనక్కి నెట్టినట్టు కాదు. ముప్ఫై మందిలో ముగ్గురిని ఏరి ఆపడం వేరు. ఈ రెండింటినీ కలిపేసి, "ఎటూ ఆరేళ్లు నిండాలిగా, యూకేజీ మళ్లీ చదివితే ఏమైంది" అనే బడులు ఉన్నాయి. వయసు చాలని పిల్లకు కావాల్సింది వయసుకు తగిన ఏడాది. చదివిందే మళ్లీ చదివే ఏడాది కాదు.

ఆపితే నిజంగా మేలు జరుగుతుందా అన్న ప్రశ్న కొత్తదేం కాదు. అమెరికాలో కిండర్‌గార్టెన్‌లో ఆపే అలవాటు ఎప్పటి నుంచో ఉంది గనక లెక్కలూ అక్కడే ఎక్కువ. లారీ షెపర్డ్, మేరీ లీ స్మిత్ 1980లలోనే దీని మీద పనిచేసి, ఆపినందువల్ల చదువులో చెప్పుకోదగ్గ లాభం లేదన్నారు. గ్వాంగ్లే హాంగ్, స్టీఫెన్ రౌడెన్‌బుష్ 2005లో ఇంకా జాగ్రత్తగా, పదివేలకు పైగా పిల్లల వివరాలతో, ఒకే తీరున ఉన్న పిల్లల్లో ఆపినవాళ్లనూ పంపినవాళ్లనూ పోల్చి చూశారు. కిండర్‌గార్టెన్‌లో ఆగిన పిల్లలు పై తరగతికి వెళ్లి ఉంటే ఇంకా ఎక్కువే నేర్చుకునేవారని తేలింది. ఐదేళ్ల పిల్లలు పక్కవాళ్లను చూసి ఎంత నేర్చుకుంటారో తెలిసిన నాకు ఇందులో ఆశ్చర్యం కలగలేదు.

అయితే అదే దేశం నుంచి వచ్చిన ఇంకో లెక్క నన్ను నిద్రపోనివ్వదు. కోనీ జూయెల్ అనే పరిశోధకురాలు ఒక బడిలో పిల్లలను ఒకటి నుంచి నాలుగో తరగతి దాకా గమనిస్తూ వచ్చి, 1988లో ఆ లెక్క ప్రచురించారు. ఒకటో తరగతి చివర చదవలేకపోయిన పిల్ల నాలుగో తరగతి చివరా చదవలేకపోయే అవకాశం నూటికి 88 పాళ్లు. చిన్న అధ్యయనమే. పిల్లలు యాభై మందికి కొంచెం ఎక్కువ. కానీ నా తరగతి గదుల్లో కళ్లారా చూసిందీ అదే. అందుకే "పైకి పంపెయ్యండి, వయసొస్తే అదే వస్తుంది" అనే మాట కూడా నాకు మింగుడుపడదు. అది రాదు. ఎవరో ఒకరు కూర్చుని నేర్పితే వస్తుంది.

పంపెయ్యడం వల్ల ఏమవుతుందో మన దేశంలోనే చూస్తున్నాం. అసర్ సర్వేవాళ్లు ఇళ్లకు వెళ్లి పిల్లల చేతికి రెండో తరగతి స్థాయి కథ ఇచ్చి చదివిస్తారు. గ్రామీణ భారతంలో మూడో తరగతి పిల్లల్లో ఆ కథ చదవగలిగినవాళ్లు 2022లో 20.5 శాతం. 2024లో 27.1 శాతం. కాస్త మెరుగుపడ్డాం, నిజమే. అయినా నలుగురిలో ముగ్గురికి దాదాపుగా రానట్టే. 2021 జూలైలో మొదలైన నిపుణ్ భారత్, తెలంగాణలో 2022 ఆగస్టు 15న మొదలైన తొలిమెట్టు ఈ లోటు పూడ్చడానికి వచ్చినవే. ఆ రెండింటి మీదా నాకు గౌరవం ఉంది. కానీ తొలిమెట్టు ఒకటో తరగతి నుంచి మొదలవుతుంది. ప్రైవేటు యూకేజీల్లో కూర్చున్న లక్షల మంది పిల్లల చదువును అడిగేవాళ్లు లేరు.

చట్టం కూడా అక్కడికి చేరదు. విద్యా హక్కు చట్టం ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చినప్పుడు ఎనిమిదో తరగతి దాకా ఎవరినీ ఆపకూడదంది. 2019 సవరణతో ఐదు, ఎనిమిది తరగతుల్లో పరీక్ష పెట్టి, మళ్లీ అవకాశం ఇచ్చి, అప్పటికీ రాకపోతే ఆపవచ్చని రాష్ట్రాలకు వెసులుబాటు ఇచ్చారు. 2024 డిసెంబరులో కేంద్రం తన బడులకు ఆ నియమాలు తెచ్చింది. పదేళ్ల పిల్లను ఆపాలంటే ఇంత తతంగం ఉంది. రెండో పరీక్ష ఉంది, ఆలోపు ప్రత్యేకంగా చదువు చెప్పాలన్న షరతు ఉంది. ఐదేళ్ల పిల్లను ఆపాలంటే ప్రోగ్రెస్ కార్డు మీద ఒక్క మాట రాస్తే చాలు.

యూకేజీలో ఆపడానికి అసలు కారణం చాలాచోట్ల ఒకటో తరగతిలో ఉందని నా నమ్మకం. ఒకటో తరగతి పుస్తకం యూకేజీలో అన్నీ వచ్చేశాయనుకుని మొదలవుతుంది. పెద్ద బడుల్లో ఒకటో తరగతి సీటుకు ముందే పిల్లను కూర్చోబెట్టి చదివించి చూస్తారు. అలా పరీక్షించి చేర్చుకోవడం అదే చట్టం 13వ సెక్షన్ ప్రకారం నేరం. మొదటిసారికి 25 వేల దాకా, ఆ తర్వాత ప్రతిసారికీ 50 వేల దాకా జరిమానా. ఈ సంగతి తెలిసిన తల్లిదండ్రులు నాకు బహు కొద్దిమందే కనిపించారు. తెలిసినవాళ్లు కూడా సీటు పోతుందని నోరు విప్పరు.

ఆపడాన్ని సమర్థించేవాళ్లు ఈమధ్య మిసిసిపీ పేరు చెబుతున్నారు. దాని గురించి నిజాయితీగా మాట్లాడుకోవాలి. అమెరికాలో బాగా వెనకబడ్డ ఆ రాష్ట్రం 2013లో చట్టం చేసింది. మూడో తరగతి చివర చదవడం రాకపోతే ఆపుతారు. నాలుగో తరగతి పిల్లల రీడింగ్‌లో 2013లో దేశంలో దాదాపు అట్టడుగున ఉన్నది 2019కల్లా జాతీయ సగటును అందుకుంది. గొప్ప విషయమే. కానీ అక్కడ ఆపింది మూడో తరగతిలో. దానికి ముందు కిండర్‌గార్టెన్ నుంచే ప్రతి పిల్లనూ బడి తెరిచిన నెల రోజుల్లో ఒకసారి, ఏడాది మధ్యలో, చివర్లో పరీక్షించి చూస్తారు. వెనకబడ్డ పిల్లకు వెంటనే విడిగా సాయం మొదలుపెట్టి, ఇంటికి కబురు చేస్తారు. టీచర్లకు చదవడం ఎలా నేర్పాలో శిక్షణ ఇచ్చారు, బలహీనమైన బడులకు కోచ్‌లను పంపారు. ఇంత చేశాక చివర మిగిలిన పిల్లల గురించి వాళ్ల నిర్ణయం అది. ముందున్నదేదీ చెయ్యకుండా ఆ చివరి నిర్ణయాన్ని మాత్రం పట్టుకొచ్చి ఐదేళ్ల పిల్ల మీద పెట్టడం తప్పు.

దేవరకొండ వైపు తండాల నుంచి వచ్చే పిల్లల గురించి ఇక్కడ రాయకపోతే నా మనసు ఒప్పుకోదు. అక్కడ ఒక బడిలో ఒక పాప నెలల తరబడి నా ముందు నోరు విప్పలేదు. బొమ్మ చూపించి ఇదేమిటంటే నేల చూపులు చూసేది. అదే పిల్ల మధ్యాహ్న భోజనం దగ్గర తన తండా పిల్లలతో లంబాడీల భాష గోర్ బోలీలో ఆపకుండా మాట్లాడేది. అమ్మ బొమ్మ ఆమెకు 'యాడి'. నా పుస్తకంలో 'అ అంటే అమ్మ'. ఆమె నోట్లో ఉన్న మాటకూ నా బోర్డు మీది అక్షరానికీ చుట్టరికం లేదు. నాలుగో తరగతి చదివే వాళ్లక్కను రోజూ కాసేపు పక్కన కూర్చోబెట్టి, ప్రతి బొమ్మ పేరూ ముందు వాళ్ల భాషలో చెప్పించి, తర్వాత తెలుగులో చెప్పించాను. దీపావళికి ఆ పిల్ల నా తప్పులు దిద్దడం మొదలుపెట్టింది, గోర్ బోలీ మాటలు నేను సరిగ్గా పలకడం లేదని. ఆమెకు రానిది తెలుగు. చదువు రాలేదని రాసుంటే ఆ పిల్ల బతుకు ఇంకోలా ఉండేది. హైదరాబాద్‌లో ఇంగ్లిష్ మీడియం యూకేజీలో కూర్చున్న మేస్త్రీ పిల్లకూ, వాచ్‌మన్ పిల్లకూ జరిగేది సరిగ్గా ఇదే. వాళ్లు ఇంట్లో ఎన్నడూ వినని భాషలో చదవలేకపోయారని ఆపుతున్నాం. పత్తి తీతకో, ఇటుక బట్టీలకో అమ్మానాన్నల వెంట వెళ్లి నెలలు బడికి రాని పిల్లలదీ అలాంటి కథే. వాళ్లకు పోయిన ఆ కొన్ని నెలల పాఠం ఇవ్వాలి. మొత్తం ఏడాది గుంజుకోవడం ఎందుకు?

కళ్లూ చెవులూ కూడా చూడాలి. అంగన్‌వాడీ పిల్లలను, సర్కారు బడి పిల్లలను రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందాలు వచ్చి చూస్తాయి. ప్రైవేటు యూకేజీ పిల్ల దగ్గరికి ఆ బృందం రాదు. బోర్డు కనపడక, ఒక చెవి సరిగ్గా వినపడక 'పూర్' అనిపించుకున్న పిల్లలను నేను చూశాను. రీడింగ్ రాలేదని ఏ బడి అన్నా, ముందు కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమని తల్లులకు చెబుతాను.

ఎప్పుడూ ఆపకూడదని నేననడం లేదు. పెద్ద జబ్బుతో ఏడాదంతా మంచంలో ఉన్న పిల్ల, పుట్టిన తేదీ తప్పు వేయించి మరీ చిన్న వయసులో చేర్చిన పిల్ల, మాటలే ఇంకా రాని పిల్ల ఉంటారు. తల్లి, తండ్రి, టీచరు కూర్చుని, పిల్ల మొత్తం ఎదుగుదల చూసి తీసుకునే నిర్ణయం అది. దానికీ, ఒక పేజీ చదివించి రాలేదనడానికీ చాలా దూరం ఉంది. అలా ఆగిన పిల్లకు కూడా ఆ రెండో ఏడాది కొత్తగా ఏం చెయ్యబోతున్నారో కాగితం మీద రాసివ్వాలి.

సాయం చెయ్యడానికి మనుషులేరీ అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అంగన్‌వాడీ టీచరు పొద్దున్నుంచి గుడ్లు, పాలు, బాలామృతం, బరువులు, ఫోన్‌లో యాప్‌తో సతమతమవుతుంటుంది. పిల్లలతో కూర్చునే సమయం ఆమెకు దొరికితే గొప్ప. తమిళనాడులో ఈ సంగతి పట్టుకుని ఒక ప్రయోగం చేశారు. కార్తీక్ మురళీధరన్, మరి ఇద్దరు ఆర్థికవేత్తలు 640 అంగన్‌వాడీలను తీసుకుని, వాటిలో సగం చోట్ల పూట పనికి ఒక అదనపు మనిషిని పెట్టించి చూశారు. ఆమె పని పిల్లలకు నేర్పడమే. చదువు చెప్పే సమయం రెట్టింపైంది. ఏడాదిన్నర తర్వాత భాషలోనూ లెక్కల్లోనూ ఆ పిల్లలు స్పష్టంగా ముందున్నారు. ఎదుగుదల కుంటుపడ్డ పిల్లల సంఖ్య కూడా తగ్గింది. ఇంటర్ చదివి ఊళ్లోనే ఉన్న కోడళ్లు, కూతుళ్లు మన రెండు రాష్ట్రాల్లో ఏ వాడలో లేరు? ఆంధ్రప్రదేశ్‌లో ఫౌండేషన్ బడుల పేరుతో, తెలంగాణలో ఈమధ్య కొన్ని సర్కారు బడుల్లో పూర్వ ప్రాథమిక తరగతుల పేరుతో గదులు తయారవుతున్నాయి. ఆ గదుల్లోకి ఈ మనుషులను పంపడానికి డబ్బు కేటాయించమని నేను అడుగుతున్నాను. ఫీజులు తీసుకునే ప్రైవేటు బడికైతే ఈ ఖర్చు గురించి చెప్పుకోవడానికి సాకే లేదు. ముప్ఫై మంది యూకేజీ పిల్లల్లో వెనకబడ్డ నలుగురైదుగురిని రోజూ అరగంట పక్కకు తీసుకుని కూర్చునే ఒక టీచరు, ఒక అట్టపెట్టెడు అక్షరాల ముక్కలు, ఒక అర నిండా కథల పుస్తకాలు. అంతకు మించి ఏమీ అక్కర్లేదు.

రెండు రాష్ట్రాల విద్యాశాఖలూ ఒక ఉత్తర్వు ఇవ్వాలి. ఏ బడీ నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ పిల్లను చదవడం రాలేదని ఆపకూడదు. ఇంకే కారణంతోనైనా ఆపాలనుకుంటే ఆగస్టు నుంచి ఆ పిల్లకు విడిగా ఏం సాయం చేశారో, డిసెంబరులో ఎంతవరకు వచ్చిందో రాసిన కాగితం మండల విద్యాధికారికి చూపించాలి. కాగితం లేకపోతే పిల్ల పై తరగతికి వెళ్లాలి, ఆ సాయం అక్కడ మొదలవ్వాలి.

ఉత్తర్వు వచ్చేదాకా తల్లులు ఆగనక్కర్లేదు. మార్చి దాకా చూడకండి. ఆగస్టు పేరెంట్స్ మీటింగ్‌లోనే అడగండి. మా పాప మాటలను ముక్కలుగా వినగలుగుతోందా? ఏ అక్షరాలు వచ్చు, ఏవి కలిసిపోతున్నాయి? ఆ కలిసిపోయేవాటి కోసం ఈ వారం మీరేం చేస్తున్నారు, ఇంట్లో మేమేం చెయ్యాలి? డిసెంబరులో వెళ్లి ఇవే ప్రశ్నలు మళ్లీ అడగండి. జవాబులు నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసుకోండి. మార్చిలో ఎవరైనా "రీడింగ్ రాలేదు, మళ్లీ యూకేజీ" అంటే ఆ నోట్‌బుక్ తెరిచి టేబుల్ మీద పెట్టండి.